ఆరంకెల తాళం

నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్ సంపాదనతో కట్టిన ఇళ్లు ఊరూరా కనిపిస్తాయి. కట్టించినవాళ్లు మస్కట్‌లోనో షార్జాలోనో ఏళ్లు గడిపేస్తారు, పిల్లలు హైదరాబాద్ చేరుకుంటారు, ఇంటికి తాళం పడుతుంది. తాళంచెవి ఒక చుట్టం మొలకు వేలాడుతుంటుంది.

డిచ్‌పల్లిలో అలాంటి ఇల్లొకటి అనుకుందాం. జాగా మంచిది. నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే. నిజామాబాద్ రోడ్డు చీలేదీ ఇక్కడే. 2006లో మొదలైన తెలంగాణ యూనివర్సిటీ ఉంది, గుట్ట మీద రామాలయం ఉంది, బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించుకుని తిరిగి వెళ్లేవాళ్లు ఒక రాత్రి ఆగడానికి వీలు. ఆ ఇంటి పై అంతస్తును కొన్ని నెలలుగా రోజు కిరాయికి ఇస్తున్నారు. ఇప్పుడు దానికి నంబరు కొడితే తెరుచుకునే స్మార్ట్ లాక్ పెట్టాలని హైదరాబాద్‌లో ఉండే కొడుకు పట్టుబట్టాడు. తాళంచెవుల గుత్తి ఉన్నది మేనమామ దగ్గర. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, 2015 డిసెంబరులో అది మూతపడ్డాక డిచ్‌పల్లి వచ్చేశాడు. ఇద్దరూ నా కల్పితులే. వాళ్ల వాదన మాత్రం గది కిరాయికిచ్చే ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు వినిపించేదే.

అల్లుడు: నాగపూర్ నుంచి బయలుదేరినోళ్లు ఇక్కడికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట అయితది మామా. ప్రతిసారి నిన్ను లేపాలె. పోయిన నెల నువ్వు బోధన్‌ల పెండ్లికి పోతే, వచ్చినోళ్లు గంటన్నర కార్ల కూసున్నరు. నాకు ఇరవై సార్లు ఫోన్ చేసిన్రు.

మామ: పెండ్లిల బాజాలు మోగుతుంటే ఫోను ఇనపడ్తదా? ఆ గంటన్నరల మీ అత్త వాళ్లకు చాయ్ పెట్టిచ్చింది. గా సంగతి చెప్పలేదా వాళ్లు?

అల్లుడు: చెప్పిన్రు. చాయ్ బాగున్నదని రాసి, ఐదు చుక్కలకు మూడే ఇచ్చిన్రు.

మామ: అయితే తాళంచెవి ఇంకోటి చేయించి పూలకుండి కింద పెడ్త. అచ్చినోళ్లు తీసుకుంటరు.

అల్లుడు: అదే వద్దంటున్న. ఇప్పటికే ఎన్ని ఉన్నయి చెప్పు?

మామ: నా కాడ ఒకటి. పనామె కాడ ఒకటి. మీ అమ్మ మస్కట్‌కు పట్టుకపోయింది ఒకటి. ఇంకోటి... ఆ వైరింగ్ పిలగానికి ఇచ్చిన, మళ్ల తెచ్చిచ్చిండో లేదో.

అల్లుడు: చూసినవా? ఇప్పటిదాక ఎంతమంది దిగిపోయిన్రు? వాళ్లల ఒక్కడు నిజామాబాద్ బజార్ల నకలు చేయించుకున్నా మనకు తెల్వది. ఇనుప తాళంచెవికి తారీఖు ఉండది మామా. ఇయ్యాల ఇచ్చింది పదేండ్ల తర్వాత కూడా తలుపు తీస్తది. తలుపు తెరుచుడు ఏ తాళమైనా చేస్తది. ఇచ్చిన హక్కు మళ్ల వాపసు తీసుకునుడే కష్టం.

మేనల్లుడి వాదనలో అన్నిటికన్నా బలమైన మాట ఇదే అని నా ఉద్దేశం. వచ్చినవాణ్ని లోపలికి పంపడం గురించే అందరూ ఆలోచిస్తారు. వెళ్లినవాడి చేతిలోంచి ఇల్లు పూర్తిగా జారిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. పెద్ద హోటళ్లు దశాబ్దాల కింద కార్డులకు మారడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఒక తాళంచెవి పోయినా ఆ గది తాళమే మార్చాల్సి వచ్చేది.

మామ: నీ నంబరు మాత్రం? నోటితోని చెప్తే పోయె. వాడు వాని దోస్తుకు చెప్తడు.

అల్లుడు: చెప్పనీ. ఆదివారం పదకొండు గంటలకు ఆ నంబరు చచ్చిపోతది.

మామ: నువ్వు హైదరాబాద్‌ల కూసుంటే ఎట్ల తెలుస్తది ఆ తాళానికి? మన కాడ నెట్టు పొద్దున ఉంటె మాపటికి ఉండది.

అల్లుడు: నెట్టే అక్కరలేదు. తాళం లోపల చిన్న గడియారం ఉంటది, ఒక రహస్య సంఖ్య ఉంటది. అదే సంఖ్య కంపెనీ సర్వర్ల కూడా ఉంటది. శనివారం రెండు గంటల నుంచి ఆదివారం పదకొండు దాకా అని నేను ఫోన్ల పెడితే, ఆ టైమును ఆ సంఖ్యను కలిపి లెక్కగట్టి ఒక నంబరు ఇస్తది. దాన్ని నేను వాట్సాప్‌ల పంపుత. తలుపు కాడ ఆ నంబరు కొడితే తాళం కూడా తన లోపల అదే లెక్క చూసుకుంటది. సరిపోతే తీస్తది.

మామ: గడియారం వెనకపడితే?

అల్లుడు: పడుతది. అప్పుడప్పుడు ఫోన్ పట్టుకుని తలుపు కాడ నిలబడి బ్లూటూత్‌తోని టైము సరిచేయాలె.

మామ: ఎవలు నిలబడాలె?

అల్లుడు: ...నువ్వే.

మామ: ఊఁ. ఇంకోటి చెప్పు. శనివారానికి నంబరు పంపినవ్. శుక్రవారం నాడు వాడు రానని పైసలు వాపసు తీసుకున్నడు. నంబరు వాని ఫోన్ల ఉన్నది. తాళానికి నెట్టు లేదంటివి. ఆ నంబరును ఎట్ల చంపుతవ్?

అల్లుడు: అది... దగ్గరికి పోయి బ్లూటూత్‌తోని తీసేయాలె. లేకపోతే గేట్‌వే అని ఒక చిన్న డబ్బా ఉంటది, దాన్ని ఇంట్ల వైఫైకి కలిపితే హైదరాబాద్ నుంచే తీసేయొచ్చు.

మామ: ఆ డబ్బాకు కరెంటు గావాలె, నెట్టు గావాలె.

అల్లుడు: గావాలె.

మామ: అంటే తాళానికి నెట్టు అక్కరలేదు గని, తాళం నీ మాట ఇనాల్నంటె నెట్టు గావాలె. గట్లనా?

మామ సరిగ్గా చోటు చూసి కొట్టాడు. ఇలాంటి తాళాలు కొనేవాళ్లు చాలామంది ఈ సంగతి బిగించాకే తెలుసుకుంటారు. నెట్ లేకుండా పుట్టిన నంబరుకు గడువు ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ గడువు దాకా అది మొండిగా బతికే ఉంటుంది. దూరం నుంచి రద్దు చేయాలంటే తాళానికీ లోకానికీ ఒక దారి వేయాలి. ఆ దారి వేశాక దాని మీద ఎవరు నడుస్తారో మన చేతుల్లో ఉండదు.

ఇక్కడ మామ పక్షాన నేను రెండు సంగతులు చేరుస్తాను. ఆయనకు తెలిసి ఉంటే వదిలేవాడు కాదు. 2017 ఆగస్టులో అమెరికాలో లాక్‌స్టేట్ అనే కంపెనీ తన తాళాలకు నెట్ ద్వారా కొత్త సాఫ్ట్‌వేర్ పంపింది. ఒక మోడల్‌కు పోవాల్సింది ఇంకో మోడల్‌కు పోయింది. దాదాపు 500 తాళాలకు మాట పడిపోయింది. నంబరు కొడితే ఉలకవు, పలకవు. ఊడదీసి కంపెనీకి పంపడమో, బదులు తాళం తెప్పించుకోవడమో తప్ప దారి లేకపోయింది. వాడుతున్నవాళ్లలో, ఇళ్లను ఆన్‌లైన్‌లో రోజు కిరాయికి ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ ఇళ్లవాళ్లు చాలామంది, ఎందుకంటే ఆ కంపెనీకి ఎయిర్‌బీఎన్‌బీతో పొత్తు ఉండేది. అదే ఏడాది జనవరిలో ఆస్ట్రియాలో యేగర్‌విర్ట్ అనే హోటల్ కంప్యూటర్లను ఎవరో స్తంభింపజేసి బిట్‌కాయిన్లు గుంజారని వార్త వచ్చింది. అతిథులు గదుల్లో బందీలైపోయారని లోకమంతా కథలు పాకాయి. అది అబద్ధం. ఇలాంటి తాళాలు లోపలి నుంచి ఎప్పుడైనా తెరుచుకునేట్టే చేస్తారు. నిజంగా జరిగిందల్లా కొత్త కార్డులు తయారుచేయలేకపోవడం. ఆ హోటల్ యజమాని మాత్రం, ఇక మా తాతల నాటి తాళంచెవులే నయం అన్నాడు.

అల్లుడు: అందుకే డబ్బా పెట్టను మామా. నెట్టు లేని తాళానికి నెట్టు నుంచి రోగం రాదు. నంబరు రద్దు చేయాల్సి వస్తే నువ్వు మెట్లెక్కి చేస్తవ్. ఎన్నిసార్లు వస్తది ఆ పని?

మామ: బ్యాటరీలు?

అల్లుడు: నాలుగు పెన్సిల్ సెల్లులు. నెలల తరబడి నడుస్తయి. అయిపోవచ్చినప్పుడు కూత పెడుతది. ఎవరూ పట్టించుకోక చచ్చిపోయినా, బయట కింద ఒక రంధ్రం ఉంటది. ఫోన్ ఛార్జర్ పెట్టే రంధ్రం లెక్కనే. అక్కడ పవర్‌బ్యాంక్ పెడితే లేస్తది. అది గూడ కాకపోతే ఇనుప తాళంచెవి వాళ్లే ఇస్తరు, రెండు.

మామ: గవి ఏడ పెడుతవ్?

అల్లుడు: ఒకటి నీ దగ్గరే. చాలామంది దాన్ని ఇంట్లనే డ్రాయర్ల పెట్టి తాళం పడ్డంక నెత్తి పట్టుకుంటరు.

మామ: అంటే ఇంత రామాయణం జరిగినంక తాళంచెవి మళ్ల నా మొలకే అచ్చింది!

ఇద్దరూ నవ్వుకున్నారనే అనుకుందాం. నవ్వు ఆగాక మామ అసలు విషయానికి వచ్చాడు.

మామ: నేను తాళంచెవి ఇచ్చేటప్పుడు ఏం చేస్తనో నీకు ఎర్కనా? మొకం చూస్త. నలుగురమని చెప్పి పదిమంది దిగితె కింద్నే ఆపుత. పుట్టినరోజని బీరు పెట్టెలు మోసుకచ్చిన పిలగాండ్లను వాపసు పంపిన. ఒకసారి ఒక ఆడపిల్ల కండ్లు వాచి ఉన్నయి, ఎంబడి ఉన్నోడు గట్టిగ మాట్లాడుతున్నడు. మీ అత్తను పంపి ఆ పిల్లతోని మాట్లాడిపిచ్చిన. వాండ్ల అమ్మకు ఫోన్ చేసినంకనే గది ఇచ్చిన. నీ నంబరు గివన్ని చూస్తదా?

అల్లుడు: చూడది. కానీ నువ్వు కూడా అందరిని చూడలేవు మామా. నీకు అనుమానం వచ్చేది ఎవరి మీద? ఉర్దూ మాట్లాడేటోళ్ల మీద, పెండ్లిగాని జంటల మీద. యూనివర్సిటీకి పరీక్ష రాయనీకి ఒంటరిగ వచ్చిన ఆడపిల్లను నాలుగు ప్రశ్నలు అడిగి ఏడిపిచ్చినవ్. ఆమె కూడా రాసింది.

మామ: మంచికే అడిగిన.

అల్లుడు: నీ మంచి ఆమెకేం తెలుసు? నంబరుకు కులం, మతం, పెండ్లి ఏం పట్టవు.

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మొకం చూసేవాడు ఆపదనూ పట్టుకుంటాడు, తన దురభిప్రాయాన్నీ వాడుకుంటాడు. రెండూ ఒకే కంటితో.

మామ: పోలీసులు అడిగితే ఎవలు జవాబు చెప్పాలె? నీ తాళం చెప్తదా?

అల్లుడు: ముందుగాలనే ఆధార్ వాట్సాప్‌ల పంపమంట. పంపినోళ్లకే నంబరు.

మామ: నీ ఫోన్ల ఇప్పుడు ఎంతమంది ఆధార్లు ఉన్నయిరా?

అల్లుడు: ...ఉన్నయి.

మామ: నీ బిడ్డ పుట్టినరోజు ఫోటోల నడుమ, ఎవలో తెల్వనోళ్ల ఆధార్లు. నీ ఫోను పోతె? నేను నోటుబుక్కుల రాసుకుంట. పేరు, ఊరు, బండి నంబరు, ఎంతమంది. ఆ బుక్కు బీరువల ఉంటది.

ఈ విషయంలో మాత్రం పాతకాలపు మనిషే కొత్త చట్టానికి దగ్గరగా ఉన్నాడు. 2022 మే నెలలో ఆధార్ సంస్థ నుంచే, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని ఒక హెచ్చరిక వచ్చింది. గోల లేచేసరికి రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. చివరి నాలుగంకెలే కనిపించే ఆధార్ మాత్రం అప్పటికీ ఇప్పటికీ దొరుకుతుంది, అడిగేవాళ్లే తక్కువ. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. ఇక పోలీసు లెక్కలు కొత్తవేమీ కావు. సరాయి నడిపేవాడు పేరు నమోదు చేసుకోవాలని 1867లోనే బ్రిటిష్ ఇండియాలో చట్టం చేశారు. డిచ్‌పల్లి అప్పటికి నిజాం ఏలుబడిలో ఉంది, అది వేరే కథ. ఈనాటి డిచ్‌పల్లిలో ఒక సంగతి మరిచిపోతే చిక్కే. అమెరికా నుంచి సొంతూరు చూసుకోవడానికి వచ్చినవాడు తెలుగువాడే కావచ్చు, చేతిలో విదేశీ పాస్‌పోర్టు ఉంటే, బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో దానికి ఫారం నింపి అధికారులకు పంపాలి. తాళానికి ఆ సంగతి తెలియదు. తలుపు దగ్గర మనిషి లేకపోతే ఎవరికీ తెలియదు.

అల్లుడు: సరే, ఆధార్ నాలుగంకెలే తీసుకుంట, గది ఖాళీ చేసినంక తీసేస్త. ఇంకో లాభం చెప్త ఇను. పనామెకు వేరే నంబరు ఇస్త. పదకొండు నుంచి రెండు దాకనే పనిచేస్తది. ఆమె ఎప్పుడు వచ్చిందో యాప్‌ల కనపడుతది.

మామ: కనపడి?

అల్లుడు: ఏముంది, లెక్క ఉంటది. మొన్న పదకొండుంబావుకు రావాలె, పన్నెండు దాటినంక వచ్చిందట. రెండు గంటలకు కొత్తోళ్లు దిగిన్రు, పక్క బట్టలు తడిగనే ఉన్నయట.

మామ: ఆమె పొద్దుగాల ఉపాధి పనికి పోయి, గంప దించి, అన్నం తిని అస్తది. మాపటికి బీడీలు చుడుతది. నీ తాళం ఆమె తలుపు తీసింది చూపిస్తది. బాత్రూం తోమింది చూపిస్తదా? ఎవడో కక్కి పోతె ఎత్తింది చూపిస్తదా? ఫ్యాక్టరీల మాకు కూడ గేటు కాడ హాజరు ఉండె. టైం ఆఫీసుల రాసేటోనికి నిమిషం తెలుసు, బాయిలర్ కాడ వేడి తెల్వదు.

అల్లుడు: నేను జీతం కోస్తనని అన్ననా?

మామ: ఇయ్యాల అనవు. లెక్క చేతికి అచ్చినంక అంటవు. ఇంకోటి. రేపు గదిల ఎవనిదో ఉంగరం పోయిందని ఫోన్ అస్తది. నీ యాప్ తీస్తవు. ఆఖరి పేరు ఎవలది ఉంటది?

అల్లుడు జవాబు చెప్పలేదు.

మామ: దిగినోళ్లు పోయినంక ఊడ్వనీకి అచ్చేది ఆమెనే. ప్రతిసారి ఆఖరి పేరు ఆమెదే ఉంటది. దొంగతనం జరిగినా, జరగకున్నా.

అల్లుడు: కానీ మామా, ఇప్పుడు మాత్రం ఎవరిని అంటరు? ఆమెనే అంటరు. తాళంచెవి ఆమె కాడ ఉన్నది కదా అని. యాప్ ఉంటె, ఆమె పన్నెండుకు వచ్చింది ఒంటిగంటకు పోయింది, నీ ఉంగరం రాత్రి పది గంటలకే కనపడలేదంటివి, ఆమెకేం సంబంధం అని నేను చూపించి చెప్పొచ్చు. రాతల ఉన్నది ఆమెను కాపాడుతది కూడా.

మామ: నువ్వు చూపిస్తె. లెక్క నీ ఫోన్ల ఉంటది, ఆమె ఫోన్ల ఉండది. నీకు ఆమె మీద కోపమొచ్చిన నాడు?

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంత చిన్న యంత్రంలో కూడా రికార్డు ఎవరి చేతిలో ఉందన్నదే అధికారం. ఇంటి లోపల కెమెరాలు పెట్టొద్దని ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ప్రపంచమంతటా ఇంటివాళ్లకు చెప్పేసింది. తాళంలో దాగిన లెక్క మాట అంతగా ఎవరూ ఎత్తలేదు. రాత్రి రెండింటికి అతిథి ఎందుకు బయటికి వెళ్లి వచ్చాడో హైదరాబాద్‌లో పడుకున్నవాడికి దేనికి?

అల్లుడు: సరే. ఆ లెక్క ఆమెకు కూడా కనపడేటట్టు పెడ్త. నంబరు బదులు ఆమె వేలిముద్ర పెడదామా? గుర్తు పెట్టుకునే పని ఉండది.

మామ: బీడీలు చుట్టి చుట్టి, సోడా పొడిలో చేతులు నానేసి వేలిముద్రలు ఏడ మిగిలినయిరా? రేషన్ షాపుల మిషన్ మీద ఆమె వేలు పట్టక నాలుగుసార్లు తుడిపిస్తరు. నంబరు పోతె మారుస్తవు. వేలు మారుస్తవా? వద్దు.

అల్లుడు: వద్దులే. నంబరే.

మామ: గీ తాళం ఎంతకు అస్తది?

అల్లుడు: మంచిది పది పన్నెండు వేలల్ల వస్తది. గోద్రెజ్‌వి కూడా ఉన్నయి, నీకు నమ్మకం గనుక. నూరేండ్లకు పైగా తాళాలు చేసేటోళ్లే ఇప్పుడు ఇవి కూడ చేస్తున్నరు.

మామ: పన్నెండు వేలు. మంచిది. ఇప్పుడు నేను చెప్పేది ఇను. టాంకి నిండిందా చూసుడు నేను. మోటరు స్టార్టరు కొట్టుడు నేను. గీజరు ఎట్ల వేయాల్నో అర్ధరాత్రి ఫోన్ చేస్తె చెప్పుడు నేను. బ్యాటరీలు నేను, గడియారం సరిచేసుడు నేను, నంబరు చంపుడు నేను, విదేశీ పాస్‌పోర్టోళ్లు అస్తె ఫారం నింపుడు నేను. ఇనుప తాళంచెవి గూడ నేనే. ఇన్నాళ్లు తాళంచెవి ఇచ్చుడే నా పని అనుకున్న, ఉత్తగనే చేసిన. ఇప్పుడు ఆ పని తాళం చేస్తదంటున్నవు, దానికి పన్నెండు వేలు పెడ్తనంటున్నవు. మిగిలిన పనంత నాకు ఉన్నది. దానికి ఎంత పెడ్తవు?

అల్లుడు: అదేంది మామా, ఇంట్లోడివి నువ్వు. నీకు జీతం అంటె బాపు ఏమనుకుంటడు?

మామ: ఇంట్లోణ్నే. గందుకే ఇంతకాలం అడగలేదు. నువ్వు రాత్రికి రాత్రి కిరాయి లెక్కగట్టుకుంటున్నవు, కిరాయికిచ్చిన ఇల్లు దుకాణమైతది. దుకాణంల పనిచేసేటోనికి చుట్టరికంతోని కడుపు నిండుతదా? పనామెకు కూడ గంటకు కాదు, గదికింత అని పెట్టు. పది మంది దిగి పోయిన గదికి ఎక్కువ.

అల్లుడు: నాకు ఒక వారం టైమియ్యి. బాపుకు ఫోన్ చేసి...

మామ: బావతోని నేను మాట్లాడుత. ఆయనకు ఎట్ల చెప్పాల్నో నాకు ఎర్కే. నువ్వు తాళం తెప్పియ్యి, వద్దనను. పై దర్వాజకు పెట్టియ్యి, కింద గేటుకు మాత్రం నా పాత తాళమే. గని ముందుగాల ఒక పని చెయ్యి. గిప్పటి దాక ఎన్ని రాత్రులు ఇచ్చినం, ఒక్కో రాత్రికి ఎంత వసూలైంది, ఎవల ఖాతాల పడ్డది, ఆ లెక్కంత నా ఫోనుకు పంపు.

అల్లుడు: పంపుత మామా. రేపు...

మామ: ఇప్పుడే. నీ యాప్‌ల ఉంటది కదా?